పట్టు టైని నీళ్లకూ ఇస్త్రీకీ దూరంగా ఉంచడం

మన ఇళ్లలో పట్టు టై చాలావరకు పెళ్లి రిసెప్షన్ సూటుతో పాటు వచ్చి, ఆ సూటుతో పాటే బీరువాలోకి వెళ్లిపోతుంది. ఉద్యోగరీత్యా రోజూ కట్టుకునేవారు మరికొందరు. ఇద్దరూ దాన్ని ఒక పట్టుగుడ్డ ముక్కగానే చూస్తారు గానీ, టై నిలబడేది గుడ్డ బలంతో కాదు, కుట్టు పనితనంతో. అది తెలిస్తే ఏం చేయకూడదో సగం తెలిసినట్టే.

1920లలో న్యూయార్క్‌కు చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే టై తయారీదారు, గుడ్డను పడుగు పేకలకు 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించి మూడు ముక్కలుగా అతికే పద్ధతికి పేటెంటు పొందాడు. మంచి టైలు నేటికీ అలాగే తయారవుతున్నాయి. ఏటవాలు కత్తిరింపు వల్లనే టై కాస్త సాగి, ముడి విప్పాక మళ్లీ తన ఆకారానికి వస్తుంది. పట్టు లోపల ఉన్ని కలిసిన మందపాటి అస్తరు ఉంటుంది. చేత్తో కుట్టిన టైని తిరగేసి, వెడల్పాటి కొసను కొద్దిగా విప్పి చూస్తే, వెనక అతుకు వెంబడి నడిచిన ఒకే పొడవాటి దారం చివర వదులుగా, చిన్న ఉచ్చులా మిగిలి కనిపిస్తుంది. టై సాగినప్పుడు ఆ మిగులు దారం లోపలికి జరిగి, కుట్టు తెగకుండా కాపాడుతుంది. ఊడిపోయిన పోగు అనుకుని దాన్ని కత్తిరించేవారున్నారు. అంతకంటే చేటు మరొకటి లేదు.

టైని నీళ్లలో ముంచకూడదనడానికి కారణం కూడా ఈ నిర్మాణమే. పైన ఉన్న పట్టు ఒక తీరుగా, లోపలి ఉన్ని మరొక తీరుగా ముడుచుకుపోవడం వల్ల అంచులు మెలికలు తిరుగుతాయి. ఆ తరువాత ఎంత ఇస్త్రీ చేసినా అది టైలా ఉండదు. అసలు ఇస్త్రీయే వద్దంటాను, ఎందుకంటే గుండ్రంగా తిరిగి ఉండవలసిన అంచులు పెట్టె బరువుకు కాగితం మడతలా అణిగిపోతాయి. ముడతలు పోవాలంటే టైని సగానికి మడిచి, వదులుగా చుట్టి రాత్రంతా ఉంచితే చాలు. మొండి ముడతలైతే, వేడినీళ్ల ఆవిరి నిండిన స్నానాలగదిలో కాసేపు వేలాడదీయవచ్చు. తప్పనిసరైతే పైన నూలుగుడ్డ వేసి, తక్కువ వేడి మీద, అంచులను తాకకుండా మధ్యభాగాన్ని మాత్రమే అద్దాలి.

ఇక మన భోజనాల సంగతి. సాంబారు, పప్పు, బిరియానీ మసాలా ఏది పడినా అందులో నూనె, పసుపు రెండూ ఉంటాయి. పడిన వెంటనే పొడి నూలుగుడ్డతో అద్ది తీయాలే తప్ప రుద్దకూడదు. రుద్దితే పట్టు పోగులు లేచి, మరక పోయినా ఆ చోట మెరుపు తిరిగి రాదు. తరువాత టాల్కం పౌడరో మొక్కజొన్న పిండో చల్లి రాత్రంతా వదిలేసి, తెల్లవారి మెత్తని బ్రష్షుతో దులిపితే నూనె చాలావరకు పోతుంది. పసుపు మాత్రం మొండిది. దాని మీద బట్టల సబ్బు రాస్తే, సున్నం కలిపిన పారాణి లాగా క్షారం తగిలి ఎర్రబడుతుంది. ఆ క్షారమే పట్టును కూడా బలహీనపరుస్తుంది. తెల్ల చొక్కా మీది పసుపును ఎండలో పెట్టి పోగొట్టుకుంటాం గానీ, టైకి ఆ వైద్యం పనికిరాదు, పసుపుతో పాటు అద్దకం కూడా వెలిసిపోతుంది. క్లోరిన్ బ్లీచ్ అయితే పట్టునే తినేస్తుంది. కాబట్టి పసుపు మరకను డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడమే మేలు. అక్కడ అది ఏ మరకో చెప్పడంతో పాటు, అంచులు అణగదొక్కవద్దని కూడా తప్పకుండా చెప్పాలి.

ముడి కట్టడం రాక, ఎవరిచేతనో ఒకసారి కట్టించుకుని, ఏళ్ల తరబడి తల మీదుగా తీసి వేసుకోవడం మనలో చాలామందికి అలవాటు. పాఠశాల పిల్లల పాలియెస్టర్ టైకి అది చెల్లుతుంది. పట్టు టైని కట్టిన వరుసకు ఎదురు వరుసలో నెమ్మదిగా విప్పాలి. సన్నని కొసను పట్టి ఒక్కసారిగా లాగితే ముడి ఊడుతుంది, లోపలి కుట్టు కూడా ఊడుతుంది. విప్పిన టైకి ఒక రోజైనా విశ్రాంతి ఉండాలి. నేసిన టైలను వేలాడదీయవచ్చు. అల్లిన టైలు వేలాడితే సాగుతాయి గనుక చుట్టి పెట్టుకోవాలి. సెంటు చల్లుకునేవారు టై కట్టకముందే చల్లుకుని ఆరనివ్వాలి.

కోస్తాలో వానాకాలం బీరువాలో తేమ చేరి బూజు పడుతుంది కాబట్టి సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు నీడలో గాలికి ఆరవేయడం అవసరం. కలరా ఉండలు వేస్తే గుడ్డసంచిలో కట్టి, పట్టుకు తగలకుండా దూరంగా ఉంచాలి. వెనకవైపు రెండు మడతలను కలిపే అడ్డకుట్టు ఊడితే, అదే రంగు పట్టుదారంతో వీధి చివరి దర్జీ కూడా నిమిషాల్లో వేసివ్వగలడు, మిషను మీద కాకుండా చేత్తో వేయమని అడగాలి అంతే.