1969 కమారోకు సరైన ఇంజన్ పార్టులు వెతికిన నా అనుభవం

మిచిగన్‌లో నేను కొన్న షెవ్రొలే కంపెనీ స్పోర్ట్స్ కారు, 1969 కమారో ఎస్‌ఎస్ 350ని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మళ్లీ నిలబెట్టాలని నా కోరిక. అందుకు ముందు తేలాల్సింది, అందులో ఉన్న ఇంజన్ ఆ కారుదేనా అని. ఆ ఏడాది విన్ నంబర్ (కారు గుర్తింపు నంబర్) చూస్తే వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ అని మాత్రమే తెలుస్తుంది, ఏ వీ8 అన్నది తెలియదు. ఇక ఇంజనే చెప్పాలి.

అమ్మినతను చూపించింది బ్లాక్ (ఇంజన్ ప్రధాన లోహ భాగం) వెనక, డ్రైవర్ వైపు ఉన్న కాస్టింగ్ నంబర్, అంటే పోత పోసేటప్పుడు అచ్చులోనే వచ్చే నంబర్ 3970010. అది 1969కి సరిపోయేదే. కానీ షెవ్రొలే అదే నంబర్ బ్లాకును 1970లలో కూడా ఏళ్ల తరబడి పోసింది, ట్రక్కులకు కూడా వాడింది. కాస్టింగ్ తేదీ ప్యాసింజర్ వైపు వెనక ఉంటుంది: నెలకు ఒక అక్షరం, తర్వాత రోజు, చివర ఏడాదిలో ఆఖరి అంకె. సి 12 9 అంటే మార్చి 12. సంవత్సరం 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు!

అసలు సంగతి చెప్పేది ప్యాసింజర్ వైపు హెడ్‌కు (బ్లాక్ మీద బిగించే పై భాగానికి) ముందున్న చదునైన ప్యాడ్. అక్కడ వీ0325హెచ్ఏ అని ఉంటే, వీ అంటే ఫ్లింట్ ప్లాంట్, మార్చి 25న బిగించారు, హెచ్ఏ అంటే మాన్యువల్ గేరున్న కారుకు వచ్చే 300 హార్స్‌పవర్, 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్. దాని పక్కనో, ఆయిల్ ఫిల్టర్ దగ్గరో విన్ నుంచి తీసుకున్న కారు నంబర్ కూడా గుద్దేవారు. 19ఎన్‌తో మొదలైతే 1969లో ఒహాయోలోని నార్‌వుడ్‌లో తయారైన షెవ్రొలే అన్నమాట.

నా బ్లాక్ ప్యాడ్ నున్నగా ఉంది. ఫ్యాక్టరీలో బ్రోచింగ్ (పైభాగాన్ని చదునుగా కోయడం) చేస్తే ముందు నుంచి వెనక్కి సన్నని గీతలు పడతాయి. ఇక్కడ మాత్రం గుండ్రటి గీతలు. ఎప్పుడో ఒక మెషిన్ షాపులో పైభాగం చెక్కేశారు, నంబర్లు దాంతోపాటే పోయాయి. ఆయిల్ ఫిల్టర్ దగ్గర కూడా ఏమీ లేదు. చాలా బాధనిపించింది.

కారు తయారీ వివరాలుండే బాడీ ట్యాగ్ రేకు మీద 04సి, అంటే ఏప్రిల్ మూడో వారంలో తయారైన కారు. అంతకు కొన్ని వారాల ముందు పోసి, బిగించిన బ్లాక్ కావాలి. ఒకతను మంచి బ్లాక్ చూపించి, నా కారు నంబర్ కూడా గుద్ది ఇస్తానన్నాడు. వద్దన్నాను. అది రేపు కొనేవాణ్ని మోసం చేయడమే. చివరికి హెచ్ఏ కోడ్‌తో, మార్చి తేదీతో, వేరే కమారో నంబర్ ఉన్న బ్లాక్ బిల్లుతో సహా తీసుకున్నాను.

హెడ్స్ విషయంలో ఒక జాగ్రత్త. వాల్వ్ కవర్ తీస్తే 3927186 కనిపించాలి. 1968 వరకు వచ్చిన హెడ్స్‌కు చివర్లలో బ్రాకెట్ బోల్టు రంధ్రాలు ఉండవు. 1969లో కమారోకు పొడవాటి వాటర్ పంపు వచ్చింది కాబట్టి ఆల్టర్నేటర్ బిగించడానికి ఆ రంధ్రాలు ఉండాల్సిందే.

క్వాడ్రాజెట్ కార్బురేటర్ నంబర్ 7029203. నాకు ఎక్కువగా దొరికినవి 7029202లు. ఆఖరి అంకె సరిసంఖ్య అయితే ఆటోమేటిక్ గేరుదని అర్థం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే అంకెలు చదవకుండా డబ్బు కట్టకూడదు.

కారు ఫైల్‌లో ప్యాడ్ ఫోటోలు పెట్టి, ఇంజన్ ఈ కారుతో వచ్చింది కాదని, తేదీలు మాత్రం సరిపోతాయని రాశాను. కొత్త బ్లాక్ పైభాగం చెక్కొద్దని మెషిన్ షాపుకు రాతపూర్వకంగా ఇచ్చాను. ఇప్పుడు సరైన డిస్ట్రిబ్యూటర్ కోసం చూస్తున్నాను.