చీమలు చెప్పే కబురు

ఉప్పల్‌లో మా మిద్దె తోటకి చలి మొదలవగానే పేనుబంక దిగుతుంది. చిక్కుడు తీగ మీదికి చీమలు బారులు కడితే చాలు, విషయం అర్థమైపోతుంది. ఆ పురుగు వదిలే తియ్యటి బంక కోసం చీమలే దానికి కాపలా కాస్తాయి మరి!

పేనుబంకకి నేను కొట్టేది లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు. సబ్బు లేకపోతే నూనె పైనే తేలుతుంది. సాయంత్రమే కొట్టాలి. వేపలో పురుగుల మీద పనిచేసే అజాడిరక్టిన్ అనే పదార్థం ఎండకి నిలవదు, మన హైదరాబాద్ ఎండలో నూనె పడ్డ ఆకు మాడుతుంది కూడా.

వంగకి మాత్రం ఏ స్ప్రే మీదా నాకు నమ్మకం లేదు. మొవ్వు వాడి తల వేలాడేసిందంటే లోపల పురుగు దూరినట్టే. వాడిన చోటికి కాస్త కిందికే తుంచి సబ్బు నీళ్ల బకెట్‌లో ముంచేస్తా. బెండ ఆకుల ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి మందు లేదు, పీకేయడమే.

నిన్న పక్కింటి అక్క అక్షింతల పురుగుల్ని చూసి "వీటినీ చంపెయ్యవే" అంది. "వద్దక్కా, పేనుబంకని తినేది అవే" అన్నాను. అవి ఉన్నాయనే ఈ వారం చిక్కుడు తీగకి ఏమీ కొట్టలేదు.