ఇంకో భాగం లేదట

హ్యారీ పాటర్ ఆఖరి సినిమా. మాస్టారు స్నేప్ కన్నీళ్లని హ్యారీ పెన్సీవ్‌లో, అదే జ్ఞాపకాలు చూపించే మాయపాత్రలో, పోశాడో లేదో, హాలంతా ముక్కులు ఎగబీల్చే చప్పుళ్లు. పక్క సీట్లో ముక్కూమొహం తెలియని అమ్మాయి, తను ఏడుస్తూనే నాకో టిష్యూ అందించింది.

పుస్తకం చదివాం కదా, హ్యారీ స్నేహితుడు రాన్ వాళ్ల అన్న ఫ్రెడ్ చనిపోతాడని తెలుసు, అయినా వీస్లీ కుటుంబమంతా అతని చుట్టూ చేరిన సీన్లో గొంతు పూడుకుపోయింది. చదివేటప్పుడైతే ఆ పేజీ గబగబా తిప్పేయొచ్చు, ఇక్కడ తప్పించుకునే దారి లేదు, పైగా అంతమంది కలిసి ఏడుస్తుంటే ఆపుకోవడం ఇంకా కష్టం.

స్నేప్‌గా వేసిన అలన్ రిక్‌మన్ అయితే ఆ జ్ఞాపకాల కొన్ని నిమిషాల్లో ఆ పాత్ర మీద ఇన్నేళ్ల కోపాన్నీ కడిగేశాడు.

2001లో మొదటి సినిమాకి హ్యారీ, రాన్, హెర్మయనీగా వేసిన ఆ ముగ్గురూ చిన్నపిల్లలు, మనమూ అంతే. ఈ ఎనిమిదోదాంతో అయిపోయిందంటే మింగుడుపడట్లేదు. రేపు మళ్లీ వెళ్తున్నా, ఎవరొస్తారు?