మేము, మనం

2022 అక్టోబరు 11 రాత్రి, మక్తల్ దగ్గర మా ఊళ్లో, మా అమ్మ ఇంట్లో టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న నా పదేళ్ల కూతురు ఒక్కసారిగా లేచి "మేము గెలిచాం!" అని ఎగిరింది. తెర మీద అమెరికా 8, భారత్ 0 అని ఉంది.

గదిలో మా అమ్మ, చెల్లె, బావ, మేనకోడలు, పక్కింటి పిల్లలు ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేనే అన్నాను. "మేమేంది? సిగ్గనిపిస్తలేదా నీకు?" పాప ముఖం చిన్నబోయింది. "మరి ఏమనాలి నాన్నా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మేము, మనం అనే తేడా తనకు నేర్పింది నేనే. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకే మాట కాబట్టి ఇక్కడ అమెరికాలో పెరిగే మన పిల్లలకు అది తొందరగా పట్టుబడదు. ఐదారేళ్లప్పుడు "నాన్నా, మేము పార్కుకు పోదామా" అనేది. "నన్ను కూడా తీసుకుపోతున్నావు కదా బిడ్డా, అప్పుడు మనం అనాలి. నేను లేకుంటేనే మేము" అని ఎన్నిసార్లు దిద్దానో. ఆ రాత్రి తను తప్పు మాట్లాడలేదు. నన్ను పక్కన పెట్టి, సరైన మాటే వాడింది. నాకు గుచ్చుకున్నది అదే.

మా నాయన సంవత్సరీకం, దసరా దగ్గర దగ్గరగా వచ్చాయని ఆ ఏడు ఊరికి వెళ్లాం. అప్పుడే మన దేశంలో పదిహేడేళ్లలోపు అమ్మాయిల ఫుట్‌బాల్ ప్రపంచ కప్. మన అమ్మాయిలు ఫిఫా ప్రపంచ కప్‌లో ఆడడం అదే మొదటిసారి. ఆతిథ్య దేశం కాబట్టి దొరికిన అవకాశం. మొదటి మ్యాచే భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అమెరికాతో. పాప ఇక్కడ క్లబ్బులో ఆడుతుంది కాబట్టి వారం ముందు నుంచీ ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను, రాత్రి 8 గంటలకు మా ఇంటికి రండి, అందరం కలిసి చూద్దామని. సగం ఆటకే ఐదు గోల్స్ అయిపోయాయి.

ఎనిమిదో గోల్ కొట్టింది అమెరికా కెప్టెన్ మియా భూటా. ఆ అమ్మాయి తండ్రి వైపు వాళ్లు మన దేశం వాళ్లే. మా అమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని, "గీ పిల్ల మనోళ్ల పిల్ల లెక్కుంది గదరా? మరి గటు దిక్కు ఆడుతుందేంది?" అంది. "అక్కడనే పుట్టి పెరిగిందమ్మా, అక్కడికే ఆడుతది గదా" అని నేను వెంటనే చెప్పాను. ఏ ఇబ్బందీ లేకుండా చెప్పాను. మ్యాచ్ అయిపోగానే, అలాగే అక్కడ పుట్టిపెరిగిన నా కూతురిని సిగ్గు లేదా అన్నాను. ఊరి వాళ్ల పిల్లకు ఇచ్చిన న్యాయం నా పిల్లకు ఇవ్వలేకపోయాను.

పైగా అదే ఏడాది నేను కుడి చెయ్యి ఎత్తి అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసి ఉన్నాను. క్రికెట్ వస్తే మాత్రం ఇల్లంతా నీలం రంగే కావాలి నాకు. ఇవన్నీ పాప చూస్తూనే ఉంది.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు, "వాళ్లు అంత ఏడ్చేలా ఎందుకు ఓడిపోయారు నాన్నా?" అని తనే మళ్లీ మాట కలిపింది. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చిందని, ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడులు, కాలేజీలు ఆటల్లో అమ్మాయిలకూ సమానంగా అవకాశం ఇవ్వాల్సి వచ్చిందని చెప్పాను. నీకు ఐదేళ్లకే బూట్లు, కోచ్, పచ్చగడ్డి మైదానం దొరికాయి, ఆ ఎనిమిది గోల్స్ వెనక యాభై ఏళ్లున్నాయి అన్నాను. తర్వాత మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0 కూడా మనవాళ్లు ఓడిపోయారు. ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

ఆ రోజుల్లోనే మన జట్టు కెప్టెన్ అష్టమ్ ఓరాన్ గురించి చదివాను. జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా పిల్ల. ఆమె గౌరవార్థం ఊరికి రోడ్డు వేస్తుంటే, ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే కూలీలట. కూతురు ప్రపంచ కప్‌లో కెప్టెన్, అమ్మానాన్నలు ఆమె పేరున వేసే రోడ్డు మీద తట్టలు మోస్తున్నారు. అది చదివి చాలాసేపు లేవలేకపోయాను. మా నాయన కూడా వయసులో ఉన్నప్పుడు పాలమూరు లేబర్ గుంపుతో నాగార్జునసాగర్‌కు పోయి రాళ్లు మోశాడు. అది రాతి కట్టడం, ప్రతి రాయినీ మనుషులే భుజాల మీద పైకి చేర్చాలి. ఆ నీళ్లు నల్గొండకు, ఖమ్మానికి పోయాయి, గుంటూరుకు పోయాయి, మా ఊరికి రాలేదు. పాప ఎప్పుడైనా మనం అంటే అందులో ఆ భుజాలు కూడా ఉండాలని నా ఆశ. కానీ అది అరిచి తెప్పించుకునేది కాదు కదా.

మా పాప, మేనకోడలు ఆ పదిహేను రోజులూ ఊరి బడి మైదానంలోనే ఉన్నారు. పాప "అక్కా" అని పిలిచినప్పుడల్లా మా అమ్మ "అక్క గాదే, వదినె" అని దిద్దేది. మేనకోడలు అప్పుడు తొమ్మిదో తరగతి, ఖోఖోలో బడికి పేరు తెచ్చిన పిల్ల. బంతి కాలికి అలవాటు కాలేదు కానీ ఆ పరుగుకు మా పాప అందుకోలేకపోయేది. వచ్చేటప్పుడు పాప తన బంతిని ఆమెకే ఇచ్చి వచ్చింది.

మరుసటి ఏడు ఒక శనివారం పొద్దున చెల్లె ఫోన్ చేసింది. పీఈటీ సార్ పిల్లను ఆటల సెలెక్షన్లకు పంపమంటున్నాడు, ఏం చేద్దామన్నా అని. "పదో తరగతి గదా, ఇప్పుడు ఆటలేంది, చదువు మీద పెట్టమను" అన్నాను. చెల్లె సరే అంది. అమెరికా నుంచి అన్న చెప్పిన మాట కదా. ఆ మాట చెప్పినప్పుడు నేను పాప మ్యాచ్ జరుగుతున్న మైదానం పక్కనే కారులో కూర్చుని ఉన్నాను. అద్దంలోంచి తను పరుగెత్తడం కనిపిస్తూనే ఉంది. నిజామాబాద్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడిందని, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లిందని నాకు తెలుసు. ఆ సంగతి చెల్లెకు చెప్పవచ్చు. చెప్పలేదు.

పిల్లలు ఏ జట్టుకు చప్పట్లు కొట్టాలో ఇంట్లో మనం నిర్ణయించవద్దు అని ఇక్కడి తల్లిదండ్రులకు చెబుదామని ఇది మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ మాట మీద నాకే నమ్మకం తగ్గింది. ఏమీ అడగకుండా వదిలేస్తే పిల్లల దగ్గర మనవాళ్లు మిగులుతారా? నాకు భయమే. అడిగే హక్కు ఉందా అంటే, నా మేనకోడలికి అడ్డం పడ్డవాణ్ని నేను. కూతురి నుంచి ఏ మనం కావాలన్నానో, ఆ మనంలో నేనే ఆ పిల్లను కలుపుకోలేదు.

2025లో ఈ ప్రపంచ కప్ మొరాకోలో జరిగింది. ఈసారి 24 జట్లు, అందులో మనం లేము. నవంబరు 8న ఫైనల్‌లో ఉత్తర కొరియా నెదర్లాండ్స్‌ను 3-0తో ఓడించింది. "ఇండియా లేదు కదా నాన్నా, ఈసారి నువ్వు ఎవరి వైపు?" అని పాప మెల్లగా అడిగింది. మూడేళ్లయినా ఆ రాత్రి తనకు గుర్తుందని అప్పుడర్థమైంది. "ఆ రోజు నేను తప్పు మాట్లాడిన బిడ్డా" అన్నాను. పాప నా వైపు చూసి ఊరుకుంది.

మర్నాడు చెల్లెతో వీడియో కాల్. మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం, హైదరాబాద్ హాస్టల్లో ఉంది. చెల్లె వెనక సజ్జ మీద, బియ్యం డబ్బాల పక్కన గుండ్రంగా తెల్లటిది కనిపించింది.

"అత్తా, అది నా బంతే కదా?" అంది పాప.

"నీదే బిడ్డా. బద్రంగ పెట్టిన. మీ వదినెకు ఆడెతందుకు టైమేడిది?"

పాప ఫోన్ నా చేతికి ఇచ్చింది. అడగాల్సింది ఏమిటో నాకు తెలుసు.

"పత్తి తీసుడు అయిపోయిందా?" అని అడిగాను.