అసోసియేట్స్ అంటే నాకు 'సల్క్' కాదు, 'ఫోర్త్ డ్రాయర్ డౌన్'

స్కాట్లాండ్ బ్యాండ్ అసోసియేట్స్ పేరెత్తగానే అందరూ 'సల్క్' గురించే మాట్లాడతారు. 1982లో బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్ళిన ఆల్బమ్ అది, కాబట్టి సహజమే. నన్నడిగితే మాత్రం వాళ్ళ అసలు సత్తా అంతకు ముందు ఏడాది వచ్చిన 'ఫోర్త్ డ్రాయర్ డౌన్'లో ఉంది. అది ఆల్బమ్ చేద్దామని కూర్చుని చేసింది కూడా కాదు. 1981లో సిట్యుయేషన్ టూ అనే చిన్న రికార్డ్ లేబుల్ మీద వరసపెట్టి వదిలిన సింగిల్స్‌కి (ఒక్కో పాటగా వచ్చిన రికార్డులు) కొన్ని బీ-సైడ్స్ (ఆ రికార్డుల రెండో వైపు పాటలు) కలిపి అదే ఏడాది తెచ్చిన సంకలనం, ఎనిమిది ట్రాక్‌లు, అంతే.

బిల్లీ మెకెంజీ గాయకుడు, అలన్ రాంకిన్ దాదాపు మిగతా వాయిద్యాలన్నీ వాయించేవాడు. ఇద్దరిదీ స్కాట్లాండ్‌లోని డండీ బ్యాండే (ఒకప్పుడు బెంగాల్ జనపనార ఓడలెక్కి వెళ్ళి గోనెగుడ్డగా మారిన ఊరు అది). 1979లో ఇంగ్లీష్ రాక్ స్టార్ డేవిడ్ బౌవీ పాట 'బాయ్స్ కీప్ స్వింగింగ్' వచ్చిన కొద్ది వారాలకే, అడగకుండా, అదే పాటని తమ మొదటి సింగిల్‌గా విడుదల చేసిన మొండివాళ్ళు. ఆ తెగువే వాళ్ళకి రికార్డ్ కాంట్రాక్ట్ తెచ్చింది.

1981 నాటికి ఆ తెగువ స్టూడియోలోకి వచ్చేసింది. 'కిచెన్ పర్సన్'లో మెకెంజీ వాక్యూమ్ క్లీనర్ గొట్టంలోంచి పాడాడు. ఇది చెప్పగానే ఏదో చిలిపి పని అనిపిస్తుంది కానీ పాట వింటే అలా ఉండదు, ఊపిరి తిప్పుకోనివ్వని వేగంలో ఆ గొంతు ఎక్కడో ఇరుక్కుపోయి బయటికి రావడానికి కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, ఆ గొట్టం లేకపోతే ఆ టెన్షన్ రాదు. 'క్యూ క్వార్టర్స్' పూర్తిగా వేరే లోకం. నెమ్మదిగా, చీకటిగా సాగుతుంది, మధ్యలో దగ్గు వినిపిస్తుంది. అవును, దగ్గు. దాన్ని కూడా వాయిద్యంలాగే వాడారు. ఎన్నిసార్లు విన్నా ఆ చోటు రాబోతోందంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

'వైట్ కార్ ఇన్ జర్మనీ' గురించి ఎంత చెప్పినా తక్కువే. మార్చింగ్ లాంటి బీట్, దాని మీద చల్లటి సింథసైజర్, అబర్డీన్ నుంచి డ్యూసెల్‌డార్ఫ్ దాకా ఊళ్ళ పేర్లు. పాట అర్థం ఏంటో నాకు ఇప్పటికీ ఇదీ అని చెప్పలేను, చెప్పాల్సిన అవసరమూ కనపడలేదు, ఎందుకంటే మెకెంజీ మంద్రంలో మొదలుపెట్టి తారస్థాయికి ఎక్కుతున్నప్పుడు మాటలు వెనక్కి వెళ్ళిపోయి గొంతు ఒక్కటే మిగులుతుంది.

సంకలనాలంటే సాధారణంగా అతుకులు తెలుస్తాయి, ఒక్కో పాట ఒక్కో కాలానిది. ఇక్కడ అన్నీ ఒకే ఏడాది, ఒకే పిచ్చిలో చేసినవి, అందుకే ఎనిమిదీ ఒకే గాలి పీల్చినట్టుంటాయి. 'ఫోర్త్ డ్రాయర్ డౌన్' అన్న పేరు కూడా ఆ రోజులదే. నిద్ర కోసం వేసుకునే మూలికల మాత్రలు పెట్టుకున్న సొరుగు అట, పై నుంచి నాలుగోది.

తర్వాత పెద్ద కంపెనీ డబ్బు వచ్చింది, హిట్లు వచ్చాయి, 1982లోనే రాంకిన్ బయటికి వెళ్ళిపోయాడు. 1997లో మెకెంజీ 39 ఏళ్ళకే పోయాడు, 2023లో రాంకిన్ కూడా. 'సల్క్' గొప్ప ఆల్బమే, కాదనను. కానీ అందులో ప్రతి మూలా నిండిపోయి ఉంటుంది, ఇందులో ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ఏ శబ్దం వస్తుందో ముందుగా తెలీదు. నాకు అదే కావాలి.

కొత్తగా వినేవాళ్ళు రీఇష్యూలో చేర్చిన అదనపు ట్రాక్‌ల జోలికి వెంటనే వెళ్ళకండి. మొదట అసలు ఎనిమిదీ ఆ వరసలోనే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. 'కిచెన్ పర్సన్' మొదటిసారి చిరాకు పెట్టినా స్కిప్ చేయకండి, దాని వెంటనే వచ్చే 'క్యూ క్వార్టర్స్' దెబ్బ తగలాలంటే అది వినాల్సిందే.