బుడితి ఇత్తడి, టెక్సాస్ తూటా

టెక్సాస్‌లో మేనల్లుడి ఇంట రెండు నెలలు ఉండి శ్రీకాకుళం తిరిగి వచ్చి పది రోజులైంది. అక్కడ చూసినవాటిలో నా మనసులో నిలిచింది వాడి కారు షెడ్డులోని బల్ల. కాల్చిన రైఫిల్ తూటాలను వాడు ఇంట్లోనే మళ్లీ నింపుకుంటాడు. అక్కడ అది మామూలే. ఇక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా చేస్తే నేరం.

తూటా పేలాక మిగిలిన ఖాళీ ఇత్తడి గొట్టాన్ని అచ్చులో నొక్కి పాత కొలతకు తేవడం మొదటి పని. "మామయ్యా, నూనె రాయడం మరిచిపోకండి" అని రెండుసార్లు చెప్పాడు. బుడితిలో ఇత్తడి చెంబుల మధ్య పెరిగిన నాకా చెప్పేది అనుకున్నాను. మూడో గొట్టానికే మరిచాను. అచ్చులో బిగుసుకుపోయింది. ఊడదీయడానికి గంట పట్టింది. వాడు నవ్వలేదు, అదే ఎక్కువ బాధించింది.

తరువాత ఒక గొట్టం మూతి దగ్గర వెంట్రుకంత పగులు చూపించాడు. ఇది మాత్రం నాకు తెలుసు: ఇత్తడి దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడి పెళుసవుతుంది, కాచి మెత్తబరచాలి. వాళ్లూ కాస్తారట, కానీ మూతి వరకే. అడుగు మెత్తబడితే ప్రమాదం.

గొట్టంలో నింపే తుపాకి మందు తూకం గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు, అంటే గురువింద గింజలో సగానికి కాస్త ఎక్కువ. ఆ సమయంలో బల్ల మీద ఒకే మందు డబ్బా, ఫోను బయట, మాటలు బంద్. నేను దూరంగా కూర్చున్నాను.

ఒక ఖాళీ గొట్టాన్ని గుర్తుగా జేబులో వేసుకున్నాను. "విమానాశ్రయంలో పట్టుకుంటారు మామయ్యా" అని బయలుదేరే ముందు వాడే తీసేశాడు.