కైలాస యాత్ర: దారులు మూతపడే కాలంలో సన్నాహాలు

వచ్చే వేసవిలో అమ్మానాన్నలతో కలిసి కైలాస మానస సరోవర యాత్రకు వెళ్లాలని నిశ్చయించుకున్నాము. ఈ యాత్రకు ఉన్నితొడుగులు కొనుక్కోవడం కన్నా ముందు చేయవలసిన పని, అది ఆగిపోయినా తట్టుకునేలా డబ్బును, సెలవులను సర్దుకోవడమేనని నా అభిప్రాయం. కైలాసం ఉన్నది చైనా పాలనలోని టిబెట్‌లో. 2015 భూకంపంతో నేపాల్ నుంచి అక్కడికి వెళ్లే కోదారి దారి మూతపడింది. 2017లో డోక్లాం వద్ద భారత, చైనా సైన్యాల ప్రతిష్టంభన వల్ల సిక్కింలోని నాథులా కనుమ మార్గం యాత్రికులకు అందకుండా పోయింది. 2020లో ఆగిన భారత ప్రభుత్వ యాత్ర 2025లో గాని తిరిగి మొదలుకాలేదు. అదే ఏడాది జూలైలో రసువాగఢీ వద్ద నేపాల్, చైనాలను కలిపే వంతెనను వరద తుడిచిపెట్టింది, సెప్టెంబరులో అల్లర్ల వల్ల కాఠ్మాండూ విమానాశ్రయం మూతపడింది.

మన విదేశాంగ శాఖ నిర్వహించే యాత్రకు 18 నుంచి 70 ఏళ్ల లోపు వయసు, 25కు మించని బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే కొలత) ఉండాలి. ఆ రెండవ నిబంధన నాకే అడ్డు వచ్చినందున కాఠ్మాండూ మీదుగా ప్రైవేటు బృందంతో వెళ్లక తప్పడం లేదు. ఈ దారిలో బృందానికంతటికీ కలిపి ఒకే వీసా ఇస్తారు కనుక, ఎవరైనా మధ్యలో వెనుదిరగవలసివస్తే ఎవరు తోడు వస్తారో, వీసా విడదీయించే ఖర్చు ఎవరిదో, సరిహద్దు మూతపడితే కట్టిన డబ్బులో ఎంత తిరిగివస్తుందో అడ్వాన్సు ఇవ్వకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. "అన్నీ శివుడే చూసుకుంటాడు" అనే ఏజెంటుతో నేను మాట్లాడడం మానేశాను. తిరుగు టికెట్లు తేదీ మార్చుకునే వీలున్నవే కొంటున్నాము. ప్రయాణ బీమా పాలసీలో ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందన్న వాక్యాన్ని వెతికి మరీ చదవాలి, ఎందుకంటే కైలాసం చుట్టూ చేసే పరిక్రమలో దాటే డోల్మా లా కనుమ సుమారు 5,630 మీటర్ల ఎత్తున ఉంటుంది.

అంత ఎత్తున పీల్చే ఊపిరిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. ప్రాణాయామం చేస్తే చాలునని చెప్పేవారున్నారు. కానీ నడక, మెట్లెక్కడం, గుండె పరీక్షలు చేయవలసిన అవసరం దానితో తీరదు. ఎత్తువల్ల వచ్చే అస్వస్థతకు వాడే డయామాక్స్ వంటి మాత్రలు, సల్ఫా మందులు పడనివారికి సరిపడకపోవచ్చు కనుక వైద్యుని అడగకుండా వాడరాదు.

సుమారు 52 కిలోమీటర్ల పరిక్రమలో మొదటి రోజు మజిలీ అయిన దిరాపుక్ నుంచే కైలాస ఉత్తర ముఖం దర్శనమిస్తుంది. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలా వద్దా అన్నది ఆ ఉదయం వాతావరణాన్ని, వేలికి తగిలించి చూసే ఆక్సిజన్ కొలతను బట్టి గైడు చెప్పినట్లే జరగాలని ఇప్పుడే అనుకున్నాము. అమ్మ ఒప్పుకున్నది, నాన్నగారు ఇంకా పూర్తిగా సమ్మతించలేదు.